పేరు చుట్టూ సున్నా చుట్టిన మీకు

అయ్యా, లేదా అమ్మా,

మీరెవరో నాకు తెలీదు. అట్ట తిప్పగానే సంతకం ఉండాల్సిన చోట కాగితం శుభ్రంగా కత్తిరించి ఉంది. అంటే పేరు దాచుకోవడం మీకు తెలీని విద్యేం కాదు. కాకపోతే మీ పేరొక్కటే దాచుకున్నారు. రచయిత్రి దాదాపు మూడొందల పేజీల పాటు కొంగుచాటున దాచుకొచ్చిన పేరు ఇంకోటి ఉంది చూశారూ, దాన్ని మాత్రం వదల్లేదు. ఆ మనిషి కథలోకి ఇలా అడుగుపెట్టడం, మీరు అలా నీలం బాల్‌పెన్ను తీసి పేరు చుట్టూ సున్నా చుట్టడం, మార్జిన్‌లోకి బాణం లాగి ఒక ముక్క రాయడం. ఆ ముక్కేమిటో ఇక్కడ చెప్పను. మన భాషలో 'వాడు' అన్నా 'ఆవిడ' అన్నా సగం గుట్టు అక్కడే రట్టయిపోతుంది. అందుకని ఈ ఉత్తరం పొడవునా 'ఆ మనిషి' అనే అంటాను. కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, భరించండి. మీ బాణాన్ని నేను భరించలేదూ!

ఆబిడ్స్‌లో ఆదివారం పూట మూసిన షాపుల ముందు పరిచే పాత పుస్తకాల్లో దొరికింది నాకిది. అక్కడ కొన్నవాటిలో వెనకటివాళ్ళ ఆనవాళ్ళుంటే నాకు సరదానే. పుట్టినరోజు కానుకగా ఇచ్చినవాళ్ళ సంతకాలు, బస్సు టిక్కెట్లు, పాలవాడి లెక్కలు, ఎండిపోయిన పువ్వులు, అన్నీ చూశాను. మీరు రాసిన మిగతావాటి మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. శృంగారం వచ్చినచోటల్లా 'అబ్బో' అని రాశారు, చాలాచోట్ల నేనూ అదే అనుకున్నాను. ఒకచోట 'ఈ పిల్లకి బుద్ధి లేదు' అన్నారు, అది మీ ఇష్టం. ఆఖరి పేజీ కింద 'ముందే అనుకున్నా' అని రాసి రెండు గీతలు కొట్టారు. ఆ గీతల దగ్గర మాత్రం మీ మొహం నాకు కనపడినంత పనైంది. అనుకున్నారు, బాగుంది. అనుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి మొదటి అధ్యాయాలకెళ్ళి, పని కట్టుకుని బాణం గియ్యడం దేనికి? మీకోసమా? మీకు తెలిసిపోయిందిగా. ఆ బాణం నాకోసమే గీశారు.

పుస్తకం పేరు 'డెడ్ అన్‌టిల్ డార్క్'. రాసింది షార్లేన్ హారిస్ అనే అమెరికన్ రచయిత్రి, 2001లో అచ్చయింది. అంతకుముందు ఆవిడ రాసినవి రక్తపిశాచుల జోలికి పోని మామూలు హత్యల నవలలు. 1990లో మొదలుపెట్టిన ఒక సిరీస్‌లో అరోరా టీగార్డెన్ అనే లైబ్రేరియన్ చేత కేసులు ఛేదింపజేసింది. మీరు ఆ లైబ్రేరియన్ చేతికి చిక్కి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఈ ఉత్తరాన్ని మన భుజాల మీంచి తొంగి చూస్తున్నవాళ్ళకి కథ తెలియాలి గనక కొంచెం చెబుతాను, ఆగండి. మీ అంత ఉదారంగా చెప్పనులెండి. అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రం. దాని ఉత్తర కొసన బాన్ టాంప్స్ అనే పల్లెటూరు, ఇది రచయిత్రి కల్పన. ఆ ఊళ్ళో మెర్లాట్స్ అనే బార్. అందులో బీర్లూ బర్గర్లూ మోసే పాతికేళ్ళ పిల్ల సుకీ స్టాక్‌హౌస్, నానమ్మతో ఉంటుంది. జపాన్‌వాళ్ళు కృత్రిమ రక్తం తయారుచేశారు కాబట్టి ఇక మనుషుల్ని కొరికే అవసరం లేదని, కొన్నేళ్ళ కిందట రక్తపిశాచులు శవపేటికల్లోంచి బయటికొచ్చి మేమూ పౌరులమే అని ప్రకటించుకున్నారు. చట్టం కొంత ఒప్పుకుంది, ఊళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఒక రాత్రి మెర్లాట్స్‌లోకి బిల్ కాంప్టన్ అనే వాంపైర్ వచ్చి కూర్చుంటాడు. 1860ల అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడినవాడు. సీసా రక్తం ఉందా అని అడుగుతాడు. లేదండీ, ఆర్డరు పెట్టాం, వచ్చేవారం వస్తుంది అంటుంది సుకీ. అయితే రెడ్ వైన్ ఇవ్వండి అంటాడు.

ఈ చిన్న సంభాషణ దగ్గరే నేను పుస్తకానికి లొంగిపోయాను. 1897లో బ్రామ్ స్టోకర్ తన డ్రాక్యులాని ట్రాన్సిల్వేనియా కొండల్లో కోట కట్టించి కూర్చోబెట్టాడు, చుట్టూ తోడేళ్ళని కాపలా పెట్టాడు. 1924లో కానన్ డాయిల్ 'ససెక్స్ వాంపైర్' కథలో షెర్లాక్ హోమ్స్‌కి ఒక రక్తపిశాచి కేసు అప్పజెబితే, హోమ్స్ ఆ మాటనే గడప తొక్కనివ్వలేదు, మనుషుల లెక్కలతోనే తేల్చేశాడు. హారిస్ చేసింది ఈ రెండూ కాదు. వాంపైర్‌ని లోపలికి రానిచ్చింది, టేబుల్ చూపించింది, సరుకు అయిపోయిందని చెప్పింది. నూటయాభై ఏళ్ళు పైబడిన సైనికుడు స్టాకు లేదనిపించుకుని సర్దుకుపోయాడు! భయం తీసేస్తే వాంపైర్ కథలో ఇంకేం మిగులుతుందని అడిగేవాళ్ళుంటారు. ఇరుగుపొరుగు మిగులుతుంది. సుకీ నానమ్మ ఊళ్ళోకి వాంపైర్ వచ్చాడని విని దడుచుకోదు. ఆయన వయసెంత, యుద్ధం గుర్తుందేమో కనుక్కోమంటుంది మనవరాలిని. ఆవిడ అంతర్యుద్ధ వీరుల వారసుల సంఘంలో సభ్యురాలు, వచ్చే సమావేశంలో ఆయన చేత ఉపన్యాసం ఇప్పించాలని ముచ్చట. మన గ్రంథాలయ వారోత్సవాలకి ఒక్క స్వాతంత్ర్య సమరయోధుడైనా దొరుకుతాడేమోనని ఫోన్లు చేసే పెద్దావిడ అచ్చం ఇలాగే ఉంటుంది. వచ్చేవాడు రాత్రిపూట మాత్రమే వస్తాడన్నది ఒక్కటే తేడా.

ఈ నానమ్మ సన్నివేశాల దగ్గర మీరు ఒక్క గీత కూడా గియ్యలేదు. బహుశా ఇక్కడ హత్య లేదు గనక పేజీలు తిప్పేసి ఉంటారు.

హత్యలు ఆ పక్కనే మొదలవుతాయి. ముందు మాడెట్ పికెన్స్ అనే అమ్మాయి, తర్వాత సుకీతో పాటు బార్‌లో పనిచేసే డాన్ గ్రీన్. ఒంటి మీద వాంపైర్ కాట్లున్నాయి, చంపింది మాత్రం గొంతు నులిమి. ఇద్దరితోనూ సుకీ అన్న జేసన్‌కి చనువుంది. పోలీసులు అతని చుట్టూ తిరుగుతారు, ఊరు వాంపైర్ల వైపు చూస్తుంది. అన్నని కాపాడుకోవాలంటే సుకీకి ఉన్న సాధనం ఒక్కటే, ఆమెకి ఎదుటివాళ్ళ మనసులో మాటలు వినపడతాయి. దాన్ని ఆమె వరం అనదు, వైకల్యం అంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. హత్య ఎవరు చేశారో తెలీదు, కథ చెప్పే పిల్లకి అందరి మనసులూ వినపడతాయి. ఇంకేం, బార్‌లో ఒక చుట్టు చుట్టొస్తే సరిపోదూ? మూడొందల పేజీలు ఎందుకు? రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండ్‌లో ఒక మతగురువు ఉండేవాడు, డిటెక్టివ్ నవలలూ రాశాడు. 1929లో ఆయన ఈ నవలలకి పది నియమాలు పెట్టాడు. నేరం చేసిన మనిషి కథ మొదట్లోనే కనపడాలి, అయితే ఆ మనిషి ఆలోచనల్లోకి పాఠకుణ్ణి తీసుకెళ్ళి ఉండకూడదు అన్నది మొదటిది. మానవాతీత శక్తులకి చోటు లేదన్నది రెండోది. హారిస్ రెండో నియమాన్ని గుమ్మంలోనే విరిచి పారేసింది. రెండుసార్లు విరిచింది, ఒకటి వాంపైర్లతో, ఇంకోటి సుకీతో. అలా విరిచాక మొదటి నియమం మెడకి చుట్టుకుంది. ఎవరి ఆలోచనలైనా వినగల పిల్లని కథకురాలిగా పెట్టుకుని, ఒక్కరి ఆలోచన మాత్రం బయటపడకుండా, అలా అని పాఠకుణ్ణి మోసం చెయ్యకుండా నడపాలి. డిటెక్టివ్ నవల రాసేవాళ్ళలో ఇలాంటి ఉచ్చు తమ చేత్తో తామే బిగించుకున్నవాళ్ళు నాకు ఎక్కువమంది తెలీదు.

దాన్ని ఆవిడ దాటిన తీరే ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది. వినపడ్డం వేరు, వినడం వేరు అంటుంది. సుకీ చిన్నప్పటినుంచీ నేర్చుకున్న పని మనసు తలుపులు వేసుకోవడం. ప్లేట్లు మోస్తూ, నవ్వు మొహాన పెట్టుకుని, చుట్టూ యాభై బుర్రలు హోరెత్తుతుంటే వినకుండా ఉండడానికి ఆమె ఒళ్ళు అలిసిపోతుంది. అందరూ ఒకేలా వినపడరు కూడా. కొందరు రేడియో పెట్టినట్టు స్పష్టం, కొందరు గొణుగుడు. పైగా హత్య చేసినవాళ్ళు పొద్దస్తమానం 'నేనే చంపాను, నేనే చంపాను' అని జపం చేసుకుంటూ తిరగరు కదా! బిల్లెంతయిందో, మోకాలు ఎందుకు నొప్పెడుతోందో, ఇంట్లో భార్య ఏం అంటుందో, మనిషి బుర్రలో తిరిగేది అదే. విన్నా చిల్లర ఆలోచనలే వినపడతాయి. అన్నిటికన్నా పెద్ద కారణం మర్యాద. వినపడింది గదా అని వినకూడదు, విన్నాను గదా అని అనకూడదు అని ఆ పిల్ల తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు. అన్న మీద అనుమానం వచ్చాక గానీ దాన్ని తెంచదు, తెంచినా సిగ్గుపడుతూ తెంచుతుంది.

మహాశయా, ఈ పుస్తకాన్ని మీరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదివారు. ఊరందరి గుట్లూ తెలిసి నోరు కట్టేసుకున్న పిల్ల కథ అది. మీకు తెలిసింది ఒకే ఒక్క గుట్టు. అది కూడా రచయిత్రి చెబితే తెలిసింది. దానికే పెన్ను తీశారు.

నన్ను కష్టపెట్టింది ఇంకోటుంది. సుకీ ఆ వాంపైర్‌ని ఎందుకు ఇష్టపడింది? అందగాడని, పాతకాలపు పెద్దమనిషి తరహా అని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. అసలు కారణం అతని మనసు ఆమెకి వినపడదు. అంతే. ఏ కుర్రాడితో సినిమాకి వెళ్ళినా అతను లోపల ఏమనుకుంటున్నాడో ముందే తెలిసిపోయి, ఆ సాయంత్రం అక్కడే చచ్చిపోయేది. బిల్ పక్కన కూర్చుంటే నిశ్శబ్దం. ఇతనేమనుకుంటున్నాడో, ఇప్పుడేమంటాడో తెలీదు. పాతికేళ్ళలో మొదటిసారి ఆ పిల్లకి 'తెలియకపోవడం' దొరికింది. ఆ సుఖానికి ఆమె ఎంతకైనా తెగిస్తుంది, మెడ కూడా వంచుతుంది. ఈ ప్రేమకథలో 'అబ్బో' అనిపించేవి ఎన్నున్నా, ఈ ఒక్కటి మాత్రం నిజంగా కొత్తది, నిజంగా లోతైనది. తెలియకపోవడంలోని హాయి గురించి ఒక రచయిత్రి ఇంత చక్కగా కథ అల్లితే, ఆ హాయిని నాకు లేకుండా చెయ్యడానికి మీరు ఎన్నుకున్న పుస్తకం సరిగ్గా ఇదే! కావాలని వెతికినా ఇంత ఖచ్చితంగా దొరకదు.

మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, అక్షరం గుండ్రంగా ఉంది. కాబట్టి 2011 నాటి పరిశోధన నా మొహాన కొడతారని తెలుసు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత 12 చిన్న కథలు చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. ముందే తెలిసినవాళ్ళే కాస్త ఎక్కువ మార్కులు వేశారని తేలింది. వాటిలో అగాథా క్రిస్టీ కథలాంటివి కూడా ఉన్నాయి. బాగుంది. కానీ అవి కూర్చున్నచోటే చదివి ముగించే కథలు. పక్కన పెట్టి, అన్నం తిని, స్నానం చేస్తూ అది ఎవరై ఉంటారా అని అనుమానించుకునే వ్యవధి వాటికి లేదు. నవలకి ఉంది. డిటెక్టివ్ నవలలో సగం చదువు పుస్తకం మూసి ఉన్నప్పుడే జరుగుతుంది. ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని ఆ బార్ యజమాని నవ్వు ఏమిటా అని, ఆ పోలీసు అంత నిదానమేమిటా అని అనుకోవడం ఉంటుంది చూశారూ, ఆ కాలక్షేపం పుస్తకం ధరలోనే కలిసి వస్తుంది. నేను డబ్బిచ్చి కొన్న అనుమానాలవి.

శాస్త్రవేత్తల దాకా ఎందుకు, మీరు తెలీకుండానే నా చేత ఒక ప్రయోగం చేయించారు. నవల మధ్యలో ఒక చావుంది. ఎవరిదో చెప్పను. దాన్ని మీరు ముందుగా ఎక్కడా గీసి పెట్టలేదు, మరిచిపోయారో దయ తలిచారో. అక్కడికొచ్చేసరికి నేను ఇంకా ఊళ్ళో కబుర్ల ధోరణిలోనే ఉన్నాను. సుకీ ఇంట్లోకి నడుస్తోంది, నేనూ ఆమె వెనకాల నడుస్తున్నాను, అంతే. పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత పేజీల్లో దుఃఖాన్ని హారిస్ రాసిన తీరు కూడా గొప్పది. పెద్ద మాటలు లేవు, ఎవరెవరు వచ్చారు, ఏ పని ఎవరు అందుకున్నారు, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంది, ఆ చిన్న చిన్న పనుల్లోనే ఏడుపంతా ఉంది. అదే ఆఖర్న ఆ మనిషి ఎవరో బయటపడినప్పుడు, రచయిత్రి అంతకు రెట్టింపు కష్టపడి రాసింది. చీకటి, పరుగు, ఊపిరి బిగబట్టడం, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం గడియారం చూసుకున్నాను. ఒకే పుస్తకం, ఒకే పాఠకుడు, ఒకచోట మీ పెన్ను పడింది, ఇంకోచోట పడలేదు. ఇంతకన్నా రుజువేం కావాలి మీకు?

ఒక్క లాభం ఉంది, దాచను. పేరు తెలిసిపోయింది గనక, ఆ మనిషి వచ్చినప్పుడల్లా రచయిత్రి చేతులు చూస్తూ కూర్చున్నాను, గారడీవాడి వెనక నిలబడ్డవాడిలా. సుకీ చేతిలో ట్రే ఎప్పుడూ ఉంటుంది, ఎవరో ఒకరు ఇంకో బీరు అడుగుతూనే ఉంటారు. ఆ పనివేళల హడావిడే పరదా. పని చేసుకుని బతికే పిల్లని కథకురాలిగా పెట్టడం వెనక ఇంత లెక్కుందా అని ముచ్చటేసింది. కానీ ఇది రెండోసారి చదివినప్పుడు రావలసిన ముచ్చట. మొదటి చదువు మీరు ఎత్తుకుపోయి, రెండో చదువు నా చేతిలో పెట్టారు.

నవల మచ్చలేనిదని అనను. రెండో సగంలో జనం ఎక్కువైపోయారు. ష్రీవ్‌పోర్ట్‌లోని వాంపైర్ల బార్, అక్కడి పెద్ద తలకాయలు, వాళ్ళ తగాదాలు, ఇవన్నీ వచ్చే పుస్తకాల కోసం ముందే వేసుకున్న నారు. హత్యల కథ అంతసేపూ గుమ్మం బయట నిలబడి ఉంటుంది. ఒక గాయకుడి పోలికలున్న వాంపైర్ ఒకడు వస్తాడు, పేరు చెప్పరు, అమెరికావాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. ఆ మనిషి ఇన్ని ప్రాణాలు ఎందుకు తీశారన్నదానికి ఇచ్చిన కారణం నాకు పల్చగా తోచింది, కథంతా అంత ఓపిగ్గా నడిపి చివర్న ఒక పేరాలో తేల్చేసినట్టు. బిల్ గారి అలకలు కూడా ఎక్కువే. నూటయాభై ఏళ్ళు దాటాక కూడా ఇంకా కాలేజీ కుర్రాడిలా ముడుచుకుని కూర్చుంటే ఎలా?

ఇంకా లోపలికి గుచ్చుకున్నది ఆ అంతర్యుద్ధపు వీరపూజ. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన పక్షం అది. అక్కడి సైనికుడు చర్చిలోనో హాల్లోనో ఉపన్యాసం ఇస్తే ఊరు కళ్ళు తుడుచుకుంటుంది గానీ, ఆ ఊళ్ళోనే ఉన్న నల్లవాళ్ళకి ఆ సభ ఎలా ఉంటుందో ఆలోచించే మనసు ఈ నవల్లో దాదాపు లేదు. అందరి మనసులూ వినపడే పిల్లకి ఆ మనసులు ఎందుకు వినపడలేదు? మెర్లాట్స్ వంటవాడు లఫాయెట్‌కి ఇందులో దక్కింది నాలుగు మాటలే. 2008లో అలన్ బాల్ ఈ పుస్తకాల్ని 'ట్రూ బ్లడ్' పేరుతో టీవీ సీరియల్‌గా తీసినప్పుడు ఆ పాత్రకి పెద్దపీట వేశాడు. బహుశా ఈ లోటు ఆయనకీ కనపడి ఉంటుంది. మీరు పెన్ను పట్టుకుని ప్రశ్న రాయాల్సిన చోటు ఇది. ఇక్కడ మార్జిన్ తెల్లగా ఉంది.

అయినా మిస్టరీ అభిమానులు ఏటా సమావేశమై ఇచ్చే ఆంథొనీ అవార్డు పేపర్‌బ్యాక్‌ల విభాగంలో ఈ పుస్తకానికే వచ్చింది. ఇది సరైన తీర్పే అంటాను. దెయ్యాల పుస్తకంలా మొదలైనా, కింద ఎముక మాత్రం డిటెక్టివ్ నవలదే.

మీ రోగం కొత్తదేం కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు అద్దె షాపుల్లో చేతులు మారిన రోజుల్లో కూడా మీవంటి వారుండేవారు. చివరి ఫారం చింపుకుపోయే రకం ఒకటి, మొదటి పేజీలో పేరు రాసే రకం ఒకటి. చింపినవాడే నయం. వాడు ముగింపు లేకుండా చేశాడు గానీ మొదలు పాడు చెయ్యలేదు. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చేటప్పుడు మాత్రం మీ ఆటలు సాగలేదు. వచ్చేవారం ఏమవుతుందో కంపోజిటర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. 'తులసిదళం' వస్తున్నప్పుడు వీధి వీధంతా ఒకే భయంతో ఒకే గురువారమో శుక్రవారమో కోసం ఎదురుచూసింది. ఎవరి దగ్గరా ఎక్కువ సమాచారం లేకపోవడంలో ఒక సమానత్వం ఉండేది.

మీరు బేతాళ కథలు చదివే ఉంటారు. తెలిసి కూడా చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందన్నది విక్రమార్కుడికి బేతాళుడు పెట్టిన షరతు. మీకూ అలాంటి శాపం ఏదైనా ఉందా? ఉంటే ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. కానీ ఒకటి గమనించండి. విక్రమార్కుడు అడిగితేనే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ శవం ఎగిరి చెట్టెక్కింది, మోసినదంతా వృథా అయింది. నేను మిమ్మల్ని అడగలేదు.

వాంపైర్లకైనా ఒక పద్ధతుంది. ఇంటివాళ్ళు రమ్మంటే తప్ప గడప దాటలేరు. ఈ నవల్లో కూడా అంతే, పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంటే అప్పటికప్పుడు బయటికి నడవాల్సిందే. మిమ్మల్ని బయటికి నడిపించే మంత్రం మాత్రం నాకు దొరకలేదు. రబ్బరుతో రుద్దాను, బాల్‌పెన్ను పోదు. తెల్ల ఇంకు పూస్తే, అక్కడేదో పూశారు కాబట్టి అదే పేరు అని వచ్చేవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. చివరికి ఏం చేశానంటే, ఆ అధ్యాయంలో కనపడే పేర్లన్నిటికీ అదే నీలం రంగుతో, అదే సైజులో సున్నాలు చుట్టి, అన్నిటికీ బాణాలు లాగాను. మీ అక్షరంలా గుండ్రంగా రాయడానికి కొంచెం సాధన పట్టింది. ఇప్పుడు బార్ యజమాని, పోలీసులు, వెయిట్రెస్‌లు, బల్ల దగ్గర బీరు తాగుతున్నవాళ్ళు, ఆఖరికి సుకీ కూడా నిందితులే. లింగభేదం కోసం సగం మందికి మీ ముక్కని కాస్త మార్చి రాశాను. వచ్చే పాఠకులకి అందరి మీదా సమానంగా అనుమానం రావాలి.

ఈ సిరీస్‌లో మొత్తం 13 నవలలున్నాయి. ఆఖరిది 2013లో వచ్చింది. విడుదలకి ముందే జర్మనీలో ఒక కాపీ ఎవరి చేతికో చిక్కి, ముగింపు ప్రపంచమంతా పాకిపోయింది. సుకీ చివరికి ఎవరి పక్కన నిలుస్తుందో పుస్తకం కొనకముందే తెలిసిన అభిమానులు రచయిత్రి మీద విరుచుకుపడ్డారు. చదవకుండానే తిట్టారు. మీ బాణానికి అక్కడ ఒక పెద్దన్న ఉన్నాడన్నమాట. నాకు ఆ ముగింపు తెలీదు, తెలుసుకోకుండా ఉండడానికి చాలా జాగ్రత్తగా బతుకుతున్నాను.

కాబట్టి ఒక ఒప్పందానికి రండి. రెండో పుస్తకం నేను కొత్తది కొనుక్కుంటున్నాను, ప్లాస్టిక్ కవరు చింపకుండా ఉన్నది చూసి. మిగతావి మీ దగ్గర ఉంటే, మీరు వాటి మీద ఇప్పటికే పెన్ను పెట్టేసి ఉంటే, దయచేసి ఆబిడ్స్ వైపు రానివ్వకండి. కోఠీలో అమ్ముకోండి, నేను అటు రాను. కుదిరితే వచ్చేసారి పెన్సిల్ వాడండి. లండన్‌లో 1952 నుంచీ ఆడుతున్న 'మౌస్‌ట్రాప్' నాటకం చూడడానికి మీరెప్పుడైనా వెళితే, ఆట అయ్యాక ముగింపు బయట చెప్పొద్దని నటులు ప్రేక్షకుల్ని బతిమాలుకుంటారు. అక్కడ మీరు చప్పట్లు కొట్టి ఊరుకోండి. తిరిగొచ్చాక నాకు ఉత్తరం మాత్రం రాయకండి.

ఇట్లు,
మీ తర్వాత ఈ పుస్తకం కొన్న పాఠకుడు